మలాత్యాకు పంపిన రజాయి

నా ఫోన్‌లో వాతావరణం చూపించే చోట మూడు ఊళ్ళుంటాయి. మొదటిది నేనుంటున్న దుబాయ్, రెండోది మా ఆవిడ ఉంటున్న కడప, మూడోది టర్కీ దేశం లోపల సముద్రానికి ఎక్కడో దూరంగా ఉన్న మలాత్యా. ఆ మూడో ఊరు నేనెప్పుడూ వెళ్ళలేదు, వెళ్తానన్న నమ్మకం కూడా లేదు. అయినా పొద్దున లేవగానే, పళ్ళు తోముకోకముందే, అక్కడ ఎండ కాస్తోందో మంచు పడుతోందో చూడకపోతే నాకు తెల్లవారినట్టుండదు. రూములో ఉండే నెల్లూరు తమ్ముడు చూసీ చూసీ ఒకరోజు, "ఏందన్నా, ఆడేమన్నా చిన్నిల్లు పెట్టుండావా?" అనేశాడు. వాడి నోటికి హద్దూ అదుపూ లేదు. మొన్న ఏప్రిల్లో ఒక పొద్దున చూస్తే దుబాయ్, కడప పోటీపడి నిప్పులు చెరుగుతున్నాయి. మలాత్యా దగ్గర మాత్రం అంకె ముందు చిన్న అడ్డగీత, మైనస్. ఏప్రిల్ అంటే అక్కడ ఆప్రికాట్ చెట్లు పూత దాటి పిందె పట్టే కాలం. ఆ అడ్డగీతకు అర్థమేమిటో నాకు నేర్పిన మనిషి ఇప్పుడా చెట్ల మధ్యనే ఉన్నాడు.

కరోనా ఏడాది ఉమ్ అల్ క్వైన్‌లో నేను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడితే, వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలుకుని దుబాయ్‌లోని అల్ ఖూజ్‌లో ఒక ఎండుపళ్ళ గోదాములో చేరాను. బాదం, అంజీర, ఖర్జూరం ఉన్నా అక్కడి రాజు మాత్రం ఎండు ఆప్రికాటే. హైదరాబాదు పెళ్ళిళ్ళలో ఖుబానీ మీఠా తిన్నవాళ్ళకు ఆ పండు తెలిసే ఉంటుంది. ఆ సరుకు మంచీ చెడ్డా తేల్చే పెద్ద ఒక టర్కీ ఆయన. అందరూ ఆయన్ని ఉస్తా అనేవాళ్ళు. పనిలో చేయి తిరిగినవాణ్ణి వాళ్ళ భాషలో అలా పిలుస్తారట. అరవైకి దగ్గరపడ్డ వయసు, పొగాకుకు పసుపెక్కిన మీసం, గోదాము అంతా వినపడే గొంతు. పెట్టె విప్పగానే ఒక పండు తీసి, రెండు వేళ్ళతో చీల్చి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. బాగుంటే "యల్లా!" అనేవాడు, బాగాలేకపోతే "ఖలాస్!" అనేవాడు. గంధకం పొగ పెట్టిన పళ్ళు బంగారంలా మెరుస్తాయి, కొనేవాళ్ళు వాటి మీదే పడతారు. ఉస్తా మాత్రం ఉత్త ఎండకు ఎండి చింతపండులా నల్లబడిన పళ్ళే తినేవాడు. "అవి షేకులకు, ఇవి మనుషులకు" అనేవాడు. మొదటి వారం నన్ను కూడా అలాగే చీల్చి వాసన చూసినట్టు పరీక్షించి, చివరికి పనికొస్తానని తేల్చాడు.

మేం నూర్‌బాషాలం, జనం దూదేకులవాళ్ళం అంటారు. మా నాయన విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మా ఇంట్లో తెలుగు తప్ప ఇంకో భాష లేదు. నాకొచ్చిన హిందీ లేబర్ క్యాంపుల్లో దెబ్బలు తిని నేర్చుకున్నది. ఉస్తాకు వచ్చిన హిందీ అంతకంటే అన్యాయం. అందులో సగం అరబీ, సగం చేతులు. ఆయనా నేనూ మాట్లాడుకుంటుంటే వినేవాళ్ళు కొట్లాడుకుంటున్నారనుకునేవాళ్ళు. ఆ భాషలోనే నాకు ఒక జిల్లా భూగోళం మొత్తం చెప్పాడాయన. తూకం బల్ల మీద నల్లపళ్ళు కుప్పగా పోసి ఇవి దక్షిణాన కొండలనేవాడు, ప్యాకింగ్ టేపు ఒక మూర లాగి అంటించి ఇది తూర్పున నది అనేవాడు. నది పేరు ఫురాత్ అన్నప్పుడు నేను నోరు తెరిచాను. పీర్ల పండక్కి మా ఊళ్ళో ముసలివాళ్ళు ఏడుస్తూ చెప్పే కర్బలా కథలో ఇమాములకు గుక్కెడు నీళ్ళు దక్కని నది అది. కథలో నది అనుకున్నాను గానీ, దానికొక పుట్టిల్లు ఉందనీ, దాని మీద ఆనకట్ట కట్టారనీ, ఆ నీటిలో ఉస్తా మేనమామ తోట మునిగిందనీ నాకేం తెలుసు? "కర్బలాకు పోకముందు అది మా దగ్గర చల్లగా, మంచిగా ఉంటుంది. కిందికి పోయాకే దానికి కష్టాలు" అన్నాడు ఉస్తా.

ఆ ఊరు మన తిరుమల కొండంత ఎత్తులో ఉందట. ఎండాకాలం మన కడప ఎండే, కాకపోతే చెమట పట్టని ఎండ. చలికాలం మాత్రం తలుపు తీస్తే మంచు నడుము దాకా. పూత మార్చి చివర్లో వస్తుంది, దాని మీద ఒక్కరోజు మంచు గడ్డకడితే ఏడాది కష్టం బూడిద. అందుకని తోటల్లో తడిగడ్డి రాజేసి పొగ పెట్టి, చెట్లకు దుప్పటి కప్పినట్టు కప్పుతారు. దుబాయ్‌లో ఆగస్టు మధ్యాహ్నం, బయట చెప్పులు కరిగిపోతుంటే, ఉస్తా గోదాములోని చల్లగదిలోకి వెళ్ళి ఆ గదికోసం కంపెనీ ఇచ్చిన లావుపాటి నీలం జాకెట్ తొడుక్కుని పెట్టెల మీద కూర్చునేవాడు. "ఇది మా అక్టోబర్" అని నన్నూ రమ్మనేవాడు. నేను రెండు నిమిషాల్లో పళ్ళు కొరుక్కుంటూ బయటపడేవాణ్ణి. ఆ ఏడాది విమానాలు ఆగిపోయి ఎండాకాలం సెలవుకు కూడా ఇంటికి వెళ్ళలేకపోయాడు, ఆయన ఇల్లు చూసుకున్నది ఆ గదిలోనే.

ఆ గదిలోనే ఒకసారి మలాత్యా ఎలా పుట్టిందో చెప్పాడు. ఊరి పక్కన ఒక మట్టిదిబ్బ ఉందట, దాన్ని తవ్వితే వేల ఏళ్ళనాటి రాజుల కోట బయటపడింది. దాని తర్వాతది గోడలు కట్టిన పాత పట్నం. ఆ పట్నం జనం ఏటా ఎండాకాలం రాగానే పిల్లాజెల్లా సామానుతో తోటల్లోకి పోయి గుడిసెల్లో ఉండేవాళ్ళు, పళ్ళు కోసి ఎండబెట్టి చలికి మళ్ళీ పట్నం చేరేవాళ్ళు. తాతల తాతల కాలంలో ఒక ఏడాది జనమంతా తోటల్లో ఉండగా సుల్తాన్ సైన్యం వచ్చి చలికాలానికి వీళ్ళ ఇళ్ళలో దిగిపోయింది. ఏం చేస్తారు? ఈ ఒక్క చలీ ఎలాగోలా గడుపుదాం, ఎండలు రాగానే పోదాం అనుకుని తోటల్లోనే ఉండిపోయారు. సైన్యం వెళ్ళేసరికి తలుపులూ దూలాలూ పొయ్యిలో పెట్టేసింది. ఇక వెళ్ళడానికి ఇల్లేదీ? ఆ తోటలే ఇప్పటి మలాత్యా అయ్యాయి. ఈ కథ చెప్పినప్పుడల్లా ఉస్తా తొడ చరుచుకుని నవ్వేవాడు. "షికారుకు పోయి ఇల్లు మర్చిపోయిన జాతి మాది!" అని. నేనూ నవ్వాను, కానీ నవ్వాక వేళ్ళు మడిచి ఏళ్ళు లెక్కపెట్టబోయి ఆపేశాను. రెండేళ్ళ కోసమని ఈ దేశానికి వచ్చి ఎన్నేళ్ళయిందో లెక్క మర్చిపోయినవాణ్ణి మరి.

ఉస్తాకు పిల్లలు లేరు. భార్య ఒక్కతే తోటలో ఉండేది. ఆ ఇల్లు నేను ఫోన్‌లో ఎన్నిసార్లు చూశానో. ఒకే అంతస్తు, రేకుల కప్పు, వరండా దూలానికి వేలాడే ఎండు మిరపకాయలు, మధ్యలో బొగ్గు పొయ్యి. రెండు గొర్రెలు, ఒక గుడ్డికన్ను పిల్లి. ఆమెకు ముందు ఆ పిల్లిని చూపించాకే తన మొహం చూపించడం అలవాటు. నన్ను "కర్దెష్" అని పిలిచేది, అంటే తమ్ముడు. నేను ఆమెను వాళ్ళ మాటలోనే అబ్లా అన్నాను, అంటే అక్క. మా ఇద్దరికీ ఉమ్మడిగా తెలిసిన మాటలు ఆ రెండే. వాటితోనే పది నిమిషాలు కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఉస్తా మాత్రం దుబాయ్ కష్టంతో పట్నంలో ఐదో అంతస్తులో ఒక ఫ్లాట్ కొన్నాడు. గోడలకు వేడినీటి గొట్టాలు, నల్లా తిప్పితే వేడినీళ్ళు, బొగ్గు మోసే పని లేదు. ఆమె మోకాళ్ళ నొప్పి చూసి, ప్రేమతో కొన్నాడు. ఆ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా ఆ ప్రేమలోంచే వచ్చింది.

ఆమెకు ఆ ఫ్లాట్ ససేమిరా నచ్చలేదు. చలికాలం మొదలవగానే మొగుడూ పెళ్ళాలకు ఫోన్‌లో యుద్ధం. ఏటా గొణుక్కుంటూ వెళ్ళేది, ఎండలు రాకముందే తోటకు పరుగెత్తుకొచ్చేది. రెండువేల ఇరవై రెండులో మాత్రం మొండికేసింది. గొర్రెలనెవరు చూస్తారు, పిల్లి ఐదో అంతస్తులో ఏం చేస్తుంది, ఈసారి చలి తోటలోనే అంది. ఉస్తా గిలగిలలాడిపోయాడు. నేను, మధ్యలో దూరే బుద్ధి కదా, ఒకమాట అన్నాను. చలే కదా సమస్య, అబ్లాకు నేను రజాయి కుడతాను, మంచి దూది రజాయి కప్పుకుంటే ఏ చలీ ఏమీ చెయ్యదు అని. షార్జాలో పరుపులు కుట్టే ఒక ముల్తాన్ పెద్దాయన అంగడిలో శుక్రవారాలు కూర్చుని నా చేత్తో దూది ఏకి, ఎర్ర సాటిన్ గుడ్డ వేసి కుట్టాను. మా ఆవిడ ఫోన్‌లో చూసి, "పెండ్లయి ఇన్నేండ్లకు నాకొక దిండు కుట్టిచ్చిన పాపాన పోలేదు, ఆడెవురికో రజాయి కుడతాండావా? కుట్టు కుట్టు!" అని సాధించింది.

ఇక్కడ నా తెలివి ఒకటి చెప్పుకోవాలి. కడపలో పుట్టినవాడికి చలి అంటే ఏం తెలుసు? సున్నాకంటే కింద అన్నారు కదా అని, మా నాయన పరుపులో కూరే లెక్కన కూరేశాను. రజాయి కాదది, పరుపుకు తమ్ముడు. సరుకు కొనడానికి మలాత్యా వెళ్ళే మా ముదీర్, అంటే మేనేజరు, దాన్ని విమానంలో వేసుకెళ్తూ నన్ను మా తాతల దాకా తిట్టాడు. ఉస్తా భార్య అది విప్పిన రోజు గోదాము మొత్తం పని ఆపి ఫోన్ చుట్టూ చేరింది. ఆమె ఎత్తబోయింది, లేవలేదు. ఇంకోసారి లాగింది, మంచం మీద వెల్లకిలా పడింది, రజాయి ఆమె మీద పడింది. లోపలినుంచి నవ్వు మాత్రం వినిపిస్తోంది. పిల్లి కంగారుపడి దాని మీదెక్కి కూర్చుంది. చివరికి ఆమె తల బయటపెట్టి, ఊపిరి పీల్చుకుని, ఉస్తాతో ఏదో ఒక్క మాట అంది. అంత పెద్ద మనిషి చెవుల దాకా ఎర్రబడిపోయాడు. "ఏమంది ఉస్తా?" అని అందరం వెంటపడ్డాం. "ఖలాస్, ఖలాస్! పనికి పొండి!" అని అరిచి చల్లగదిలోకి పోయాడు. నాకు మాత్రం సాయంత్రం బస్సులో, "నువ్వు నా కాపురంలో నిప్పులు పోశావు. ఇంక అది ఫ్లాట్‌కు రాదు" అన్నాడు. ఏకులా వచ్చి మేకులా దిగింది నా రజాయి.

నిజంగానే ఆమె రాలేదు. డిసెంబరు గడిచింది. రోజూ పొద్దున మంచూ, పిల్లీ, ఎర్ర రజాయీ చూపించేది, "కర్దెష్!" అని చెయ్యెత్తి బాగుందని సైగ చేసేది. నాకు గర్వంగా ఉండేది. జనవరిలో మంచు ముదిరి తోటకు వెళ్ళే దారి మూసుకుపోయింది. ఉస్తాకు అన్నం సహించలేదు. "జారి పడితే ఎవరు చూస్తారు? పొయ్యి పొగ కమ్మితే ఎవరు తలుపు తీస్తారు?" అని నన్నే అడిగేవాడు. న్యాయమైన భయమే. చివరికి ఒకరోజు, ఫ్లాట్‌కు వెళ్ళేదాకా నీతో మాట్లాడను అని ఫోన్ పెట్టేశాడు. నిజంగానే మాట్లాడలేదు. ఆమె చేస్తుంటే ఫోన్ బల్ల మీద మోగుతూ ఉండేది, ఆయన మొహం తిప్పుకుని పెట్టెలు లెక్కబెడుతూ ఉండేవాడు. ఆ మాట్లాడకపోవడమే ఆమెను కదిలించింది. దారి తెరవగానే గొర్రెల్ని పక్కతోటవాళ్ళకు అప్పగించి పిల్లిని చంకలో పెట్టుకుని పట్నం వచ్చేసింది. ఫ్లాట్‌లోంచి ఫోన్ చేసినప్పుడు పల్చటి చొక్కాలో ఉంది, చెయ్యితో విసురుకుంటూ చెమట పడుతోందని ఎగతాళి చేసింది. రజాయి ఏదని సైగ చేశాను. తోటవైపు చెయ్యి చూపించింది. ఈ వేడిలో దానితో పనేముంది? ఉస్తా ఆ రోజు గోదాములో అందరికీ చాయ్ పోయించాడు.

ఆ తర్వాత రెండు వారాలైనా కాలేదు. ఫిబ్రవరిలో ఒక సోమవారం తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచేసరికి అక్కడ భూమి కదిలిందన్న వార్త ఫోన్లలో ఉంది. మేం గోదాముకు వెళ్ళేటప్పటికి ఉస్తా చల్లగది తలుపు దగ్గర నిలబడి ఫోన్ చెవికి ఆనించుకుని ఉన్నాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. "నిద్రపోతోంది. దానికి నిద్ర ఎక్కువ" అన్నాడు. మళ్ళీ చేశాడు. మళ్ళీ "నిద్రపోతోంది" అన్నాడు. మధ్యాహ్నం భూమి రెండోసారి కదిలిందని తెలిసింది. ఆ తర్వాత ఫోన్ మోగడం కూడా ఆగిపోయింది. ముదీర్ ఎవరెవరినో పట్టుకుని టికెట్ తెచ్చాడు. ఎక్కడో దూరాన దిగి మంచులో బస్సు పట్టుకుని పోవాలి. ఎనిమిదేళ్ళుగా దుబాయ్‌లో ఉన్నవాడికి చలికోటు ఎక్కడుంటుంది? చల్లగది నీలం జాకెట్ తీసి నేనే తొడిగాను. గుండీలు పెడుతుంటే నా చేతులు పట్టుకుని, "నువ్వు దాన్ని తోటలో ఉంచాలని చూశావు. నేనే పట్నానికి దింపాను" అన్నాడు. నీ తప్పు కాదు ఉస్తా అని చెప్పాల్సింది. ఆయన జేబులో నాలుగు నల్లపళ్ళు మాత్రం వేసి పంపాను. సిగ్గులేని పని, ఆకలేస్తుందేమోనని.

ఐదో అంతస్తు నేల మీదికి వచ్చేసింది. ఆమెను తీసి ఖననం చేశారని ముదీర్ ద్వారా తెలిసింది. ఆ పొద్దు మేమంతా గోదాములో పని ఆపి నిలబడి దువా చేశాం, హిందువులు కూడా చేతులు చాచారు. ఉస్తా నుంచి మాత్రం ఫోన్ రాలేదు. తిరిగి రాకపోయేసరికి వీసా రద్దయింది, ఆయన మంచం ఇంకెవరికో ఇచ్చారు. చాలా రోజులకు ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. కెమెరాలో ఆయన మొహం కాదు, ముందు పిల్లి కనబడింది. అది ఎలా బతికిందో, అన్ని రాళ్ళు దాటి తోటకు ఎలా చేరిందో ఆ దేవుడికే తెలియాలి. ఆ వెనక గడ్డం పెరిగిన ఉస్తా, ఒంటిమీద నీలం జాకెట్. తోట ఇల్లు నిలబడే ఉంది. గోడ ఒకచోట చీలింది, అంతే. మిరపకాయల దండ కూడా తెగలేదు. మంచం మీద నా ఎర్ర రజాయి నాలుగు మడతలు పెట్టి ఉంది. "పట్నంలో మిగిలినవాళ్ళంతా తోటల్లోకి వచ్చేశారు" అన్నాడు. "ఎండలు రాగానే పోతాం అంటున్నారు. ఎక్కడికి పోతారు?" పాత కథ ఆయనకు గుర్తొచ్చిందని నాకు తెలుసు, నాకూ గుర్తొచ్చింది. ఇద్దరం నవ్వలేదు. ఫోన్ పెట్టేశాక గోదాము వెనక్కి వెళ్ళి పికప్ బండ్ల మధ్య నిలబడి భోరుమని ఏడ్చాను.

మొన్న ఏప్రిల్లో ఆ అడ్డగీత చూసి ఫోన్ చేశాను. ఉస్తా కళ్ళు పొగకు ఎర్రగా వాచి ఉన్నాయి. తడిగడ్డి ఎంత రాజేసినా లాభం లేకపోయింది, పిందెలన్నీ నల్లబడి రాలిపోయాయట. ఈ ఏడాది పండు లేదు. కెమెరా తిప్పి చూపిస్తుంటే మంచం మీద రజాయి కనబడింది. కులవృత్తి ఎక్కడికి పోతుంది? నా కన్ను దాని మీదే పడింది. దూది అణిగి గట్టిపడి, ఒక పక్కన గుంటలు పడింది. "ఉస్తా, దాన్ని విప్పించి దూది మళ్ళీ ఏకించు. అక్కడెవరూ లేకపోతే నేనే వస్తా. ఏకితే కొత్తదానిలా లేస్తుంది" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ గుంటల మీద చెయ్యి పెట్టి మంచం అంచున కూర్చున్నాడు.

"ఆరోజు అది ఏమందని అడిగారు కదా మీరంతా" అన్నాడు తర్వాత. "ఇది ఎంత బరువుందంటే, నువ్వు పక్కన పడుకున్నట్టే ఉంది అంది. ఎనిమిదేళ్ళకు మొగుడు చలికి ఇంటికొచ్చాడు అంది." రజాయి అంచు సరిచేశాడు. "ఇప్పుడు నాకూ అలాగే ఉంటోంది కర్దెష్, ఈ గుంటల్లో అదే పడుకున్నట్టు. విప్పమనకు."

నేను విప్పమనలేదు ఇంక. ఎంత అణిగిన దూదైనా ఏకితే లేస్తుందని మా నాయన చెప్పేవాడు, ఆ మాట నిజమే. గడిచిపోయిన కాలం మాత్రం ఎవరు ఎలా పడుకుని లేచారో ఆ గుంటలతోనే ఉండిపోతుంది, దాన్ని ఏకే విల్లు మా వంశంలో ఎవరికీ దొరకలేదు.